వానను అడిగే తీరు

యాభై మూడేళ్ల వయసులో మా వదినకు నడక పిచ్చి పట్టింది. ఆమెను చూసి నాకూ అంటుకుంది. కరీంనగర్‌లో పొద్దున్నే మానేరు డ్యాం కట్ట మీద ఆమె నడుస్తుంటే, బస్సు తప్పిపోతుందని ఉరుకుతున్నదేమో అనుకునేవాళ్లు. నిరుడు చినుకుల్లో వద్దంటే వినకుండా కట్ట మెట్లు దిగి, జారి, మడమ విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టుతో మంచం మీద ఉంది. మా అన్న అప్పటి నుంచి నడక బంద్ అన్నాడు. ఆమె ఊరుకుంటుందా? కట్టు విప్పగానే డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కింద ఇంట్లో టీవీ చూస్తున్న మా అన్నకు నెత్తి మీద ఆమె అడుగుల చప్పుడే వినిపించేది.

ఏడాది పోరుపెట్టి చివరికి ఒకటి సాధించింది. ఉట్నూర్ దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి అడవిలో ఉన్న తల్లిగారింటికి కాలిబాటన, రెండు రోజులు నడిచి పోతానంది. ఆమె చిన్నప్పుడు ఊరంతా ఆ బాటనే నడిచేదట. ఇప్పుడు జీపులు రోడ్డున పోతాయి, బాట పశువుల కాపర్లకు మిగిలింది. మా అన్న ఒప్పుకుంటూ ఒకే మాట అన్నాడు.

"ఒక్కసారి చూస్త. నడిమిట్ల జర ఏమన్న అయి ఫోన్ చేసినవో, ఇగ ఆ బూట్లు ఎవలకన్న ఇచ్చేస్త."

తోడు నేను. వానా కాలం కదా, వాతావరణం చూసే పని నాది. ఫోన్లో మూడు యాప్‌లు వేసుకున్నాను. ఒకటి ఎండ అంటే, ఒకటి ఉరుము అనేది, మూడోది గుండ్రంగా తిరుగుతూ కూర్చునేది. ముగ్గురు తోడికోడళ్లు ఒక్క మాట మీద ఉంటారా అని వదిన నవ్వింది. సంచిలో విజిల్, టార్చి, ఓఆర్ఎస్ పొట్లాలు, జొన్నరొట్టెలు పెట్టాను. ఉరిమితే చెట్టు కింద నిలబడొద్దని, ఎగువన ఉన్నవాళ్లను అడగకుండా ఏ వాగులోనూ కాలు పెట్టొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. ఆమె ఒట్టు మీద నాకు పెద్ద నమ్మకం లేదనుకోండి.

మొదటి రోజు మాకు నేల మీద కాళ్లు ఆనలేదు. వాన వెలిసి నాలుగు రోజులైంది, టేకు ఆకులు కడిగిపెట్టినట్టున్నాయి. వదిన పాటలు పాడింది. నేను కుడివైపు దారి అంటే ఆమె ఎడమవైపు అంది, ఇద్దరం తప్పాం, ఒక మేకల కాపరి మా ఇద్దరినీ చూసి తల కొట్టుకుని దారి చూపించాడు. పెళ్లయి పాతికేళ్లు దాటిన ఆడవాళ్లం, ఏ కారణం లేకుండా కడుపు పట్టుకుని నవ్వాం. రాత్రి దారిలో ఉన్న ఒక గూడెంలో, వదిన చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో పడుకున్నాం.

రెండో రోజు మధ్యాహ్నం వాగు వచ్చింది. అది దాటితే గుట్ట చుట్టూ ఒక గంట నడక, ఆ తర్వాత వాళ్ల ఊరే. నీళ్లు చీలమండ దాకా కూడా లేవు, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. పైన ఆకాశం నీలంగా ఉంది. వదిన అప్పటికే బూట్లు విప్పి, లేసులు ముడివేసి మెడలో వేసుకుంది. నేను ఒట్టు గుర్తు చేశాను. ఆ వాగు గుట్ట అవతల వాళ్ల బాపు పత్తిచేను పక్క నుంచే దిగివస్తుంది, ఆయన్నే అడుగుదామన్నాను. మేము నడిచి వస్తున్నట్టు ఆయనకు తెలియదు. తెలిస్తే జీపు పంపుతాడని వదిన దాచిపెట్టింది. నా పోరు పడలేక పక్కనున్న బండ ఎక్కితే సిగ్నల్ దొరికింది. ఊరికే పలకరిస్తున్నట్టు, స్పీకర్ పెట్టి, వానలు పడ్తున్నయా అని అడిగింది.

"ఏడ వాన బిడ్డా. నాలుగు చినుకులు రాలినయ్, మట్టి సుత తడువలే."

వదిన నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. బండ దిగడానికి చీర ఎగగట్టింది కూడా. నాకు మాత్రం అది విన్న మాటే. జమ్మికుంట దగ్గర పత్తి పండించిన మా బాపు బతికినన్నాళ్లూ ఇదే మాట అన్నాడు. వాకిట్లో నీళ్లు నిలిచినా ఇదే అనేవాడు. అబద్ధం కాదు, భయం. బాగా పడిందని నోరు జారితే మళ్లీ పడదేమోనని. మా అమ్మ ఆయన్ను వాన సంగతి అడగడం ఎప్పుడో మానేసింది. చేను నుంచి వస్తుంటే కాళ్ల వైపు చూసేది, అంతే.

నేను ఫోన్ లాక్కున్నాను.

"మామా, గిప్పుడు మీ చెప్పులు ఏడున్నయ్?"

తన బిడ్డ ఆడబిడ్డకు మతి పోయిందనుకున్నాడేమో పాపం.

"చేతుల వట్టుకున్న బిడ్డా. కాలు వెడితె మోకాలిదాంక దిగవడుతున్నది. గంట సంది దంచుతున్నది గదా."

ఎందుకు నవ్వొచ్చిందో తెలియదు, ఆగకుండా నవ్వాను. వదినకు నవ్వు రాలేదు. ఆ గులకరాళ్ల వైపు, అవతలి గట్టు వైపు చూసింది. ఇరవై అడుగులు ఉంటుందేమో. ఇక్కడ ఆగితే మా అన్నకు ఫోన్ చేయాలి. చేస్తే నడక పోయినట్టే. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. ఉరుకుదామంటుందని భయపడి కొంగు పట్టుకున్నాను. కానీ ఆమె బండ మీద చతికిలబడి, మెడలోంచి బూట్లు తీసి, మట్టి దులిపి తొడుక్కుంది. సంచులు మోసుకుని ఇంకా పైకి, చెట్లు లేని గట్టి మిట్ట చూసుకుని కూర్చున్నాం.

అరగంట ఏమీ కాలేదు. అదే నీలం ఆకాశం, అవే గులకరాళ్లు. అనవసరంగా ఆపానా అని నాకే అనుమానం వచ్చింది. వదిన కోపంగా రొట్టె నమిలింది. తర్వాత లారీ వస్తున్నట్టు చప్పుడైంది. మూల తిరిగి ఎర్రటి నీళ్లు, నురుగు, కొమ్మలు, వేళ్లతో సహా ఒక చెట్టు మా ముందు నుంచి పోయాయి. మేము దాటుదామనుకున్న చోట నిలువెత్తు మనిషి మునుగుతాడు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఏడుస్తూ, మళ్లీ పిచ్చి నవ్వు నవ్వాం.

నీళ్ల హోరు కొంచెం తగ్గాక ఆమే మా అన్నకు ఫోన్ చేసింది. ఏదీ దాచలేదు. వాగు వచ్చిందని, ఇవతలే ఆగిపోయామని, గూడేనికి తిరిగిపోతున్నామని, పొద్దున జీపు కావాలని వరుసగా చెప్పింది. బూట్లు ఎవరికైనా ఇచ్చేయమని కూడా తనే అంది.

మా అన్న ఒకటే అడిగాడు.

"వాగు రాకముందుకే ఆగినవా?"

"ఆ. ముందుకే."

"నువ్వు నడుస్తవని నాకెన్నడు ఫికర్ లేకుండె. ఆగవనే నా భయం. ఇగ ఏడికి పోతవో పో."