బావి దగ్గర చాపిన చెయ్యి

నాకు పన్నెండో ఏడు నడుస్తున్నప్పుడు గడ్డం కింద చింతగింజంత తెల్లమచ్చ కనిపించింది. మొదట చూసింది అమ్మ. తల దువ్వుతూ నా మొహం పైకెత్తి, సున్నం అంటిందేమో అనుకుని తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. చర్మం ఎర్రబడింది గానీ మచ్చ అలాగే ఉంది. అమ్మ జడ సగంలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

మాది జమ్మలమడుగు. నాన్న గుడిలో అర్చకులు. ఏడాది తిరిగేసరికి ఆ మచ్చ పెదవి అంచుదాకా పాకింది. మోచేతుల దగ్గర, వేళ్ళ కణుపుల మీద కొత్తవి పుట్టాయి. అమ్మ బావంచాల గింజలు నూరి, నూనెలో కలిపి పూసి, మిద్దె మీద ఎండలో కూర్చోబెట్టేది. మా వైపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. బొబ్బలు లేచేవి. అవి పగిలి మానాక కింద మళ్ళీ అదే తెలుపు.

మా ఊళ్ళోనే కుష్టురోగులకు వైద్యం చేసే ఆసుపత్రి ఉండేది. మా ఇంటి నుంచి నడిచి పోగలిగినంత దూరం. ఎక్కడెక్కడి నుంచో జనం అక్కడికి వచ్చేవారు. అమ్మ మాత్రం నన్ను ఆ వైపు ఎన్నడూ తీసుకుపోలేదు.

"ఆ గేటు దగ్గర నిన్ను ఒక్కరు చూసినా చాలు, ఇంగ మీ నాయన్ను గుళ్ళోకి రానీరు" అనేది.

అందుచేత నాకున్నది ఉత్త బొల్లో, లేక ఆ పెద్దరోగమో మా ఇంట్లో ఎవరికీ రూఢిగా తెలియదు. తెలుసుకుందామని అడిగే ధైర్యం నాకూ లేదు. అమ్మ నాకు మణికట్టు దాకా చేతులున్న రవికలు కుట్టించింది. పమిట కొసను గడ్డం మీదికి లాక్కుని పట్టుకోవడం నాకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటైపోయింది. ఏ గదిలోకి అడుగు పెట్టినా వెలుతురు ఏ పక్కనుంచి వస్తున్నదో ముందు చూసుకునేదాన్ని.

నాన్న చెల్లెలు, నా మేనత్త, ప్రొద్దుటూరులో ఉండేది. చిన్నవయసులోనే భర్త పోతే చదువుకుని, ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి, ఒంటరిగా గది అద్దెకు తీసుకుని ఉంటున్న మనిషి. ఆమె గురించి బంధువులు ఎన్ని మాటలన్నారో లెక్కలేదు. ఆమే పట్టుబట్టి నన్ను కడపకు టీచరు ట్రైనింగుకు పంపింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, పులివెందుల వైపు ఒక పల్లెలో నాకు ఉద్యోగం వచ్చింది.

బస్సు దిగి వేరుశనగ బుడ్డల చేల మధ్య బండ్లబాటన చాలాసేపు నడిస్తే గానీ ఊరు రాదు. బడికి ఒకే గది, ముందు వసారా. హెడ్మాస్టరు గారు నెమ్మదస్తుడు, నడివయసు మనిషి. నేను ఒక చేత్తో పమిట గడ్డానికి పట్టుకుని రెండో చేత్తో బోర్డు మీద రాసేదాన్ని. టీచరమ్మకు ఎప్పుడూ పన్నునొప్పి అని పిల్లలు ఇళ్ళల్లో చెప్పుకున్నారట. ఆడపిల్లలు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. నా చేతిని దాచుకుంటూనే వాళ్ళ చేతులు పట్టి అక్షరాలు దిద్దించాను. బాగానే గడుస్తున్నదనుకున్నాను.

ఎండలు ముదిరి బావిలో నీళ్ళు అడుగంటుతున్న రోజుల్లో ఒక పొద్దున నీళ్ళు తోడుతుంటే చేంతాడు చేతిలోంచి సర్రున జారింది. అరచెయ్యి ఒరుసుకుపోయింది. మంటకు ఆలోచించకుండా రవిక చెయ్యి పైకి లాగి చూసుకున్నాను. పమిట కూడా జారిపోయింది. నా పక్కనే మునసబు గారి భార్య బిందె నింపుకుంటున్నది.

"ఏందది?" అంది.

"ఏం లేదక్కా, తాడు ఒరుసుకుంది."

"తాడు గాదు. ఆ తెలుపేందంటాండా. చేతికీ ఉండాది, మొగానికీ ఉండాది."

నేను గబగబా రవిక కిందికి లాక్కున్నాను. లాక్కోకుండా ఉంటే ఎలా ఉండేదో తెలియదు. దాచడం చూసేసరికి ఆమె మొహం మారిపోయింది. అప్పుడే నింపుకున్న బిందెను వంచి నీళ్ళన్నీ నేలమీద పారబోసింది. ఆమెను చూసి పక్కావిడ పారబోసింది. ఆ తర్వాత మిగతావాళ్ళు. నీళ్ళు బండల మీద పడే చప్పుడు మాత్రం వినిపించింది. వట్టి బిందెలు చంకన పెట్టుకుని అందరూ వెళ్ళిపోయారు.

ఆ రోజు బడికి పిల్లలు రాలేదు. హెడ్మాస్టరు గారు వసారా మెట్టు కిందే నిలబడి మాట్లాడారు.

"అమ్మా, ఊళ్ళో మాట బాగలేదు. కొన్నాళ్ళు సెలవు పెట్టి పోతే మంచిది."

"మీరేమనుకుంటున్నారు సార్?"

ఆయన పక్కకు చూశారు. "నాకేం తెలుసమ్మా. నాకూ బిడ్డలుండారు."

కాసేపటికి మునసబు గారు ఇద్దరు మనుషులతో వచ్చారు. వీధిలోనే నిలబడ్డారు. ఆయన గొంతు పెంచలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"టీచరమ్మా, నీమీద మాకు కోపమేం లేదు. నీది పెద్దరోగమని ఆడోళ్ళు చెప్తాండారు. నిజమా, కాదా? ఒక్క మాట చెప్పు."

కాదు అంటే సరిపోయేదేమో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను అక్షరాలు దిద్దించిన చిన్న చిన్న వేళ్ళు గుర్తొచ్చాయి.

"నాకు తెలియదు" అన్నాను.

ఆయనతో వచ్చినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"తెలీకుండానే మా పిల్లోళ్ళ పలకలు పట్టుకుంటాండావా?" అన్నారు మునసబు గారు. "బండి కట్టిస్తా. బస్సు రోడ్డు దాకా దింపుతారు. పోయిరా తల్లీ."

బండి తోలేవాడు నొగల కొసన కూర్చుని, తల పక్కకు కూడా తిప్పకుండా తోలాడు. రోడ్డు మీద నా ట్రంకుపెట్టె నేనే దించుకున్నాను.

జమ్మలమడుగుకు పోవడానికి మనసొప్పలేదు. ప్రొద్దుటూరులో మేనత్త దగ్గరికి పోయాను. అంతా విని ఆమె అయ్యో అనలేదు.

"తెలీదని చెప్పినావా?"

"అవునత్తా."

"మంచిపని చేసినావు. అయితే తెలుసుకుందాం, లెయ్."

"అమ్మ వద్దంటుంది."

"మీ అమ్మ ఇన్నేండ్లూ వద్దంటానే ఉంది. నువ్వు ఇన్నేండ్లూ వణుకుతానే ఉండావు. రోగముంటే మందు తింటావు. లేకుంటే తలెత్తుకుంటావు. ఇట్ల మధ్యలో ఎన్నాళ్ళుంటావే?"

మర్నాడు జమ్మలమడుగులో బస్సు దిగి, మా వీధి వైపు తిరక్కుండా నేరుగా ఆసుపత్రికి నడిచాం. గేటు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మేనత్త నా రెక్క పట్టుకుని లోపలికి నడిపించింది. వసారాలో బల్ల మీద, పాదాలకు కట్లు కట్టుకున్న ఒక ముసలాయన నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. ఆయన పక్కన కూర్చున్నాను. "మొదటిసారా బిడ్డా?" అని అడిగాడు. తలూపాను. "భయపడాకు. ఈడ కొట్టేవాళ్ళెవరూ లేరులే" అన్నాడు.

డాక్టరమ్మ నన్ను వెలుతురులో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమన్నారు. దూదిపోగు మచ్చల మీద తాకిస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమని అన్నారు. తగిలింది, చెప్పాను. మళ్ళీ తగిలింది, చెప్పాను. ఆ తర్వాత ఎంతసేపు చూసినా ఏమీ తెలియలేదు. చర్మంలో ఎక్కడైనా చిన్న స్పర్శ దొరుకుతుందేమోనని ఒళ్ళంతా చెవి చేసుకున్నాను. తట్టుకోలేక కళ్ళు తెరిచాను. ఆమె దూదిపోగు ఇంకా చేతిలోనే పట్టుకుని, నా మొహంలోకే చూస్తున్నారు.

"ఇంకా తాకించలేదమ్మా. నువ్వు ఊహించుకుని చెప్తున్నావేమో చూశాను" అన్నారు. పిన్నుతో కూడా పొడిచి చూశారు. మెడ, మోచేతుల దగ్గర నరాలు నొక్కి చూశారు. ఆపైన చేతులు కడుక్కుంటూ, "నీకు ఆ రోగం లేదు. ఇది రంగు పోవడం, అంతే. ఎవరికీ అంటదు. అయితే పోయిన రంగు తిరిగొస్తుందని మాత్రం నేను మాటివ్వలేను. ఇంకా పెరగొచ్చు కూడా" అన్నారు. చీటీ రాసిస్తానన్నారు గానీ, ఆ పల్లెలో చీటీకి విలువేముంటుందని నేను వద్దన్నాను.

తిరుగు బస్సులో ఏడ్చాను. రోగం లేదన్న సంతోషం ఒక్క నిమిషమే ఉంది. రంగు రాదన్న మాటే చెవుల్లో మోగింది. ఇన్నేళ్ళూ ఎండలో కూర్చున్నది ఒక రోజు అద్దంలో మామూలు మొహం కనబడుతుందని. ఆ మొహం ఇక రాదు. నేను ఎదురుచూస్తున్న మనిషి ఎప్పటికీ రాదని ఎవరో కబురు చెప్పినట్టుగా ఉంది. మేనత్త ఓదార్చలేదు. ప్రొద్దుటూరు దగ్గరపడేవరకూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "ఏడ్చుకో. ఇంటికి పోయినాక మాత్రం అన్నం తినల్ల" అంది.

రెండు మూడు రోజులు అలా పడి ఉన్నాను. ఒక సాయంత్రం గూట్లోంచి కత్తెర తీసి, నా రవికలన్నీ ముందేసుకున్నాను. మోచేతి పైన పట్టి కత్తిరించాను. మేనత్త బడినుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. పక్కన కూర్చుని, సూదీ దారం తీసుకుని అంచులు మడిచి కుట్టడం మొదలుపెట్టింది.

"ఆ ఊరికేనా?" అని అడిగింది.

"ఆ ఊరికే."

బస్సు దిగి బండ్లబాటన నడుస్తుంటే చేతుల మీద గాలి తగలడం వింతగా ఉంది. పమిట నడుములో దోపుకున్నాను, చెయ్యి దానంతటది గడ్డం మీదికి పోకుండా. మునసబు గారి అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ చూపులు నా చేతుల మీది నుంచి మొహం మీదికి వచ్చాయి. నేరుగా అక్కడికే వెళ్ళి ట్రంకు కింద పెట్టాను.

"మునసబు గారూ, ఆ రోజు తెలియదన్నాను. ఇప్పుడు తెలుసుకుని వచ్చాను. నాది ఆ రోగం కాదు. ఇది బొల్లి. ఎవరికీ అంటదు. రేపు మళ్ళీ బడికి వస్తాను."

ఆయన అరుగు దిగలేదు.

"నువ్వు చెప్తే మేం నమ్మాల్నా?"

"ఆ రోజు తెలియదంటే నమ్మారు కదండీ."

అరుగు మీద ఒకాయన దగ్గాడు. మునసబు గారు మీసం సవరించుకున్నారు. "బడి నీ ఇష్టం. పిల్లోళ్ళను పంపేది మా ఇష్టం. బావి కాడికి మాత్రం పోవద్దు. ఆడోళ్ళు ఊరుకోరు. నీకు కావాల్సిన నీళ్ళు ఎవురితోనన్నా పోపిస్తా."

"నా నీళ్ళు నేనే తోడుకుంటాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే బిందె తీసుకుని వెళ్ళాను. ఆడవాళ్ళు గిలక చుట్టూ నిలబడి ఉన్నారు. నన్ను చూసి జరగలేదు. మునసబు గారి భార్య చేంతాడు చేతిలో బిగించి పట్టుకుంది.

"నిలు ఆడనే" అంది.

నిలబడ్డాను. నా రవికకున్న పిన్నీసు తీసి ముందుకు పట్టుకున్నాను.

"అక్కా, పెద్దరోగం మచ్చకు నొప్పి తెలియదు. ఆసుపత్రిలో పొడిచి చూశారు. మీరూ పొడిచి చూడండి."

ఎడమ చెయ్యి చాపాను. మోచేతి కింద అన్నిటికన్నా పెద్ద మచ్చ. వెనక ఎవరో గుసగుసలాడారు. ఆమె చేంతాడు వదిలి నా చేతిలోంచి పిన్నీసు తీసుకుంది. ఊరికే తాకిస్తుందనుకున్నాను. కసిగా గుచ్చింది. నాకు తెలియకుండానే "అబ్బా" అన్నాను. తెల్లటి చోట ఎర్రగా బొట్టు పొంగి, మణికట్టు దాకా జారింది. ఆమె ఆ నెత్తురు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇంకొకావిడ ముందుకొచ్చింది. "ఇట్లియ్యి, నేనూ సూస్తా."

అప్పుడు నాలో ఏదో గట్టిపడింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"లేదక్కా. ఒక్కసారి చాలు. నేను నీళ్ళు తోడుకోవాల, బడికి పొద్దుపోతోంది."

మునసబు గారి భార్య పక్కకు జరిగింది. పిన్నీసు తిరిగి ఇచ్చేసింది. నేను బొక్కెన వేశాను. బొక్కెన బావి రాళ్ళకు కొట్టుకుంటూ పైకొచ్చింది. బిందె నింపుకుని నడుస్తుంటే వెనకనుంచి నీళ్ళు పారబోసిన చప్పుడు వినిపిస్తుందేమోనని చూశాను. గిలక మళ్ళీ కిర్రుమంది.

అంతటితో అంతా చక్కబడిందని చెప్పను. మొదటివారం ముగ్గురు పిల్లలొచ్చారు. వానలు పడేనాటికి గది సగం నిండింది. ఒక ఇంటివాళ్ళు చివరిదాకా పంపలేదు. నేను ముట్టిన చెంబు బూడిదతో తోమినవాళ్ళూ ఉన్నారు. హెడ్మాస్టరు గారు మళ్ళీ వసారాలోకి వచ్చి కూర్చున్నారు, ఆ సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఆ నెత్తుటి బొట్టు నాకు గెలుపుగా ఎప్పుడూ అనిపించలేదు. నొప్పి తెలియని చెయ్యి చాపవలసి వచ్చి ఉంటే నా గతి ఏమిటి, బల్ల మీద నాకు చోటిచ్చిన ముసలాయన గతి ఏమిటి అని ఇప్పటికీ అనుకుంటాను.

మునసబు గారి భార్య నాకు స్నేహితురాలు కాలేదు. ఒకసారి గండి ఆంజనేయస్వామి గుడికి పోయినప్పుడు మాత్రం పాపాఘ్ని ఏటి ఒడ్డున ఇద్దరం పక్కపక్కన కూర్చోవలసి వచ్చింది. బండ మీద తడికొంగు పిండుకుంటూ అడిగింది.

"ఆ పొద్దు నీకు భయం కాలేదా?"

"అయింది."

"మల్ల ఎందుకొస్తివి? ఇంగొక ఊరికి మార్పించుకోకూడదా?"

"అక్కడికి పోయినా ఈ మొగమే కదక్కా తీసుకుపోవాల్సింది."

ఆమె నా మొహం వైపు తిరిగి, చూపు దాచుకోకుండా, తీరిగ్గా చూసింది. "శానా గట్టిదానివే" అని కొంగు దులుపుకుని లేచింది.

తర్వాత కొన్నేళ్ళకు నాకు ప్రొద్దుటూరు బదిలీ అయింది. అప్పటికి మచ్చ ఒక చెంపంతా ఆక్రమించింది. కొత్త బడిలో మొదటిరోజే ముందు వరసలోని ఒక పిల్ల లేచి నిలబడి, "టీచర్, మీ మొగానికేమైంది?" అని అడిగింది.

"రంగు పోయింది. నొప్పేం లేదు, ఎవరికీ అంటదు" అన్నాను. "ఇంకేమన్నా అడగాల్నా?"

ఆ పిల్ల ఆలోచించి, లేదని తలూపింది.

"అయితే పలకలు తియ్యండి" అన్నాను.