ఒకటి, నాలుగు వేలసార్లు

నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడు కాస్త తగ్గిందని ఇంట్లోవాళ్ళు అంటారు గానీ, ఇరవై ఆరేళ్ళప్పుడు మాత్రం నా పనిలో తప్పుందని ఎవరైనా అంటే ఆ పూట అన్నం సహించేది కాదు. రాయపూర్ శివార్లలోని భన్‌పురిలో లారీ విడిభాగాల దుకాణం పైన మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. కింద సుత్తుల చప్పుడు, పైన మేం అయిదుగురం. ఊళ్ళోని ఒక ఆసుపత్రికి రోగుల వివరాలు దాచే డేటాబేస్ మా చేతిలో ఉండేది. వెతికినది ఆలస్యంగా దొరుకుతుంటే ఎందుకో కనిపెట్టడం నా పని.

ఒకరోజు ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. పేర్లు రాసే కిటికీలు నాలుగు. మూడింటిలో రోగి పాత ఫైలు చిటికెలో తెర మీదికి వస్తోంది. రెండో కిటికీలో మాత్రం నిమిషం పైనే పడుతోంది, లైన్లో జనం ఒకటే గోల. ఆ కిటికీలో కూర్చునే ఆవిడ తెలుగావిడే. కోస్తా నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. మోకాళ్ళు అరిగిపోయాక వార్డు నుంచి కౌంటరుకు మార్చారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. నేను ఆంటీ అని పిలిచేదాన్ని.

వెళ్ళి ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"నేను ఊరికే అనట్లేదమ్మాయ్. మనవాళ్ళొస్తేనే ఇది మొండికేసుద్ది. హిందీవాళ్ళొస్తే చకచకా పనిచేసుద్ది," అంది ఆంటీ.

నేను నవ్వాను. "మెషీన్‌కి తెలుగువాళ్ళెవరో హిందీవాళ్ళెవరో ఏం తెలుసు ఆంటీ?" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. ఆ మాట పక్క కిటికీ ఆయనకు హిందీలో చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ ఇన్‌హేలర్ తీసి ఒకసారి పీల్చుకుని పనిలో పడింది.

డేటాబేస్‌ను ఏదైనా అడిగితే అది వెతకబోయే ముందు ఒక పథకం వేసుకుంటుంది. ముందు ఏ పట్టిక తెరవాలి, తర్వాత ఏది, ఒక్కో మెట్టులో ఎన్ని వరుసలు దొరకవచ్చు అని అంచనా కడుతుంది. పని జరిపించి చూస్తే, నిజంగా ఎన్ని దొరికాయో ఆ పక్కనే చూపిస్తుంది. అంచనాకీ నిజానికీ ఎక్కడ పొంతన లేదో సాధారణంగా తప్పు అక్కడ ఉంటుంది. ఆంటీ కిటికీలో ఆలస్యమైన ఒక వెతుకులాట తాలూకు పథకాన్ని అచ్చు తీసుకుని, అన్నిటికన్నా లోపలి మెట్టు చూశాను. దొరికిన రోగి చివరిసారి ఎప్పుడొచ్చాడో తెచ్చిపెట్టే మెట్టు అది. అంచనా ఒకటి, నిజంగా దొరికిందీ ఒకటే. ఆహా, చీరకి జాకెట్టు కుదిరినట్టు కుదిరింది అనుకున్నాను. మిగతా కాగితం వైపు సరిగా చూసింది కూడా లేదు. "వెతికే పద్ధతిలో దోషం లేదు, ఆలస్యం వాడేవారి వల్ల కావచ్చు" అని రిపోర్టు రాసి పంపేశాను.

రెండు వారాల తర్వాత నాన్న బీపీ మాత్రల కోసం ఆ ఆసుపత్రికే వెళ్ళొచ్చారు. నాన్న రైల్వేలో నంబర్ టేకర్‌గా రిటైరయ్యారు. గూడ్సు బండి యార్డులోకి వస్తే, ఇన్ని వ్యాగన్లున్నాయని వెనక స్టేషనువాళ్ళు ముందే ఫోన్లో చెప్పినా సరే, బండి పొడవునా నడిచి ఒక్కో వ్యాగను నంబరూ కళ్ళతో చూసి రాసుకోవడం ఆయన ఉద్యోగం. మాది శ్రీకాకుళం వైపు. ఆయన మాటలో ఆ యాసా ఇక్కడి హిందీ కలిసిపోయాయి.

"ఆయమ్మ కిటికీలో నేదే. రికార్డు రూములో పడీసినారట. ధీరే ధీరే పని చేస్తాదని ఎవులో రిపోర్టు రాసినారట," అన్నారు చెప్పులు విప్పుతూ.

రికార్డు గదంటే కింద నేలమాళిగ, పాత ఫైళ్ళు, దుమ్ము. ఆవిడకా ఉబ్బసం.

"ఎవరో కాదు నాన్నా, నేనే రాశాను," అన్నాను.

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఏటి చూసి రాసినావు? ఆ కాగితం తే," అన్నారు.

సంచిలోంచి తీసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని కిటికీ వెలుతురులోకి జరిగారు. అందులో మాటలు ఆయనకు తెలియకపోయినా అంకెలంటే బెదురు లేదు. నేను మూతి ముడుచుకుని, "ఇదిగో, అంచనా ఒకటి, దొరికిందీ ఒకటే. ఇందులో తప్పేముంది?" అన్నాను.

"ఒక్కో వ్యాగనుకీ ఒక్క నంబరే ఉంటాది, దాన్లో తప్పేటుంటాది? మరి బండికి వ్యాగన్లెన్ని? ఈ పక్కన ఈ నాలుగు వేలేటి?"

"అది లూప్స్ నాన్నా. అంటే ఆ మెట్టు ఎన్నిసార్లు..." అంటూనే కాగితం ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

ఆ ఒకటి ఒక్క విడతకి. అలాంటి ఒకటి కోసం డేటాబేస్ నాలుగు వేలసార్లు వెళ్ళి వచ్చింది. పైమెట్టు చూశాను. ఇంటిపేరుతో వెతికితే నలుగురు దొరుకుతారని అంచనా. దొరికింది నాలుగు వేలమంది. నలుగురే కదా అని, ఒక్కొక్కరి కోసం విడివిడిగా వెళ్ళొచ్చే దారి ఎంచుకుంది అది. నలుగురికైతే మంచి దారే. రెండంకెలు గుణించాల్సిన చోట నేను మొదటి అంకె చూసి మురిసిపోయి, ఒక మనిషిని నేలమాళిగలోకి పంపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాలుగు వేలమందికి ఒకటే ఇంటిపేరేటే?" అన్నారు నాన్న.

ఆ పేరు కాగితం మీదే ఉంది. రావు. నాన్న పకపకా నవ్వారు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడివాళ్ళకి పేరులో చివరి మాటే ఇంటిపేరు. అందుకని ఏ కౌంటర్లో ఎవరు రాసినా, మన మగవాళ్ళ పేర్ల చివరనున్న రావును తీసి ఇంటిపేరు గడిలో పెట్టారు. పెళ్ళానికీ పిల్లలకీ అదే తగిలించారు.

"నా కార్డు మీదా అదే. ముప్పై ఏళ్ళ నుంచీ అందరికీ రావ్ సాబ్‌నే. ఎంతమందికని చెప్తాం?" అన్నారు.

మా తెలుగువాళ్ళే ఎక్కువగా ఉండే రైల్వే కాలనీ పాత రిజిస్టర్లన్నీ ఆ ఏడాదే ఒక్క ఊపున డేటాబేస్‌లోకి ఎక్కించాం. ఎక్కించాక, అంచనాలకు ఆధారమైన నమూనా లెక్కను మళ్ళీ తీయాలి. తీయాల్సింది నేను, తీయనిదీ నేనే. డేటాబేస్ దృష్టిలో రాయపూర్ రావులు ఇంకా నలుగురే.

"మరి రెండో కిటికీకే ఎందుకీ తిప్పలు?" అన్నాను.

"పక్క లైను ఖాళీగున్నా మేమంతా ఆయమ్మ దగ్గరే నిలబడతాం. కడుపులో దేవుతున్నాదని ఆ పక్కోడికి హిందీలో ఎలగ చెప్తాం? హిందీ మాటాడే సిల్తారా ఫ్యాక్టరీలోళ్ళు, బస్తీలోళ్ళు మిగతా కిటికీలకెళ్తారు," అన్నారు.

మనవాళ్ళొస్తేనే మొండికేస్తుందని ఆంటీ మొదటిరోజే చెప్పింది.

మర్నాడు పొద్దున్నే నమూనా లెక్క మళ్ళీ తీయించాను. అంచనా నాలుగు వేల దగ్గరికి వచ్చింది, డేటాబేస్ తనంతట తనే దారి మార్చుకుంది, ఫైలు చిటికెలో వచ్చింది. తప్పు నాదని ఆసుపత్రికి రాసిస్తానంటే మా యజమాని, "బాగైంది కదా, నోటితో చెప్తే పోలా?" అని గొణిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ పేరు చెడింది కాగితం మీద, నోటిమాటతో ఎలా బాగవుతుంది? రాసి, సంతకం పెట్టి, నేనే పట్టుకెళ్ళాను.

అక్కడి సూపరింటెండెంటు కాగితం చదివి, "మేడం, పహలే వాలీ రిపోర్ట్ భీ ఆప్ హీ కీ థీ నా?" అని అడిగాడు.

ఆ మొదటి రిపోర్టూ నాదేనని ఒప్పుకున్నాను.

ఆంటీని కిటికీకి తిరిగి తీసుకురావడానికి వాళ్ళకి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజు నాన్నతో కలిసి రెండో లైన్లో నిలబడ్డాను. పక్క లైను ఖాళీగానే ఉంది. మా వంతు రాగానే నాన్న ఫైలు తెర మీదికి వచ్చింది. ఆంటీ తెర వైపు చూసి, "మీ ఇంటిపేరేంటండీ? అసలుది," అని అడిగింది. నాన్న గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం విడదీసి చెప్పారు. ఆవిడ రావు తీసేసి అది రాసింది.

"నన్ను క్షమించండి ఆంటీ. లెక్క తప్పు చదివాను," అన్నాను.

ఆవిడకు దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా లైనంతా ఎదురుచూసింది.

"లెక్కదేముందమ్మా, ఎవరికైనా తప్పుద్ది," అంది. "నేను చెప్పినప్పుడు నవ్వావు చూడు. అది కష్టమేసింది నాకు."

నాన్న కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. వెనకున్న పెద్దాయన జరగమ్మా అంటే పక్కకి జరిగాను.