మీ ముందు గళ్ళ చొక్కా

ఇద్దరు మనుషులు ఒకచోట ఆగి ఉంటే మా నంబరు బాబాయ్ చూస్తూ ఊరుకోలేరు. వాళ్ళకు నంబర్లు ఇచ్చేస్తారు. అది సెలూన్ కావచ్చు, లిఫ్టు ముందు కావచ్చు, పళ్ళ డాక్టరు గది బయట బుగ్గలు పట్టుకుని కూర్చున్న జనం కావచ్చు. ఆయన లోపలికి అడుగు పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, అందరినీ ఒకసారి కలయజూసి పని మొదలుపెడతారు.

"మీరు నంబర్ మూడండీ. మీ ముందు గళ్ళ చొక్కా. గళ్ళ చొక్కా కనిపించిందా?"

అవతలి మనిషి తెల్లబోయి తల ఊపితే ఒప్పుకోరు.

"తల ఊపితే నాకెలా తెలుస్తుంది? నోటితో చెప్పండి."

"కనిపించిందండీ."

"మంచిది. ఆయన లేవగానే మీరు కూర్చోవడమే."

ఇది పిచ్చి అని జనం అనుకునేవారు. పిచ్చి కాదు, ఉద్యోగం. మా విమానాశ్రయంలో కంట్రోల్ టవర్‌కి ఆయనే పెద్ద. ఉన్నది ఒక్కటే రన్‌వే. దిగాల్సిన వాళ్ళు పైన, ఎగరాల్సిన వాళ్ళు కింద, అందరికీ తొందరే. ఆ అద్దాల గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, వాళ్ళందరినీ వరసలో పెట్టడమే మా పని. "నువ్వు నంబర్ రెండు, నీ ముందు పెద్ద విమానం దిగుతోంది, కనిపించిందా?" అని అడుగుతాం. కనిపించిందని పైలట్ నోటితో చెప్పాలి. మరీ దగ్గరగా వచ్చేస్తున్నాడనుకుంటే "ఒక చుట్టు తిరిగి రా" అంటాం. మిగతావాళ్ళం డ్యూటీ దిగేటప్పుడు హెడ్‌సెట్‌తో పాటు ఈ మాటల్ని కూడా కొక్కేనికి తగిలించి ఇంటికి పోయేవాళ్ళం. ఆయన మాత్రం వెంట తీసుకుపోయేవారు.

ఎదురుగా "సార్" అనేవాళ్ళం, వెనకాల "నంబరు బాబాయ్". ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒకసారి ఫోను ఎత్తి, "ఆఁ, నంబరు బాబాయ్‌నే మాట్లాడుతున్నా" అన్నారు కూడా.

సెలూన్‌లో ఒకాయనకు మండింది. "మీరెవరండీ నాకు నంబరివ్వడానికి?" అని లేచాడు.

"నేను నంబర్ ఐదండీ," అన్నారు బాబాయ్ వినయంగా. "మీ వెనకాలే."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. అంతలో ఇంకెవరో తలుపు తోసుకుని వచ్చారు. "రండి రండి, మీరు నంబర్ ఐదు, నేను ఆరు," అన్నారు బాబాయ్. వచ్చినవాళ్ళందరికీ తన నంబరు ఇచ్చేసి తాను వెనక్కి జరగడం ఆయన అలవాటు. ఆ సెలూన్ నడిపే ఆయనే నాతో చెప్పాడు: "సార్ పొద్దున్నే వస్తారమ్మా. రాత్రి నేను షట్టర్ దించేముందు ఆయన జుట్టు కత్తిరిస్తాను."

ఇంట్లో సంగతి పిన్ని చెబితేనే వినాలి. పిన్ని అంటే బాబాయ్ భార్య, మా టవర్‌లో అందరికీ పిన్నే. ఒక్క బాత్రూమ్, ఇద్దరు ఆడపిల్లలు, మోకాళ్ళ నొప్పులతో పిన్ని వాళ్ళమ్మ. తెల్లారేసరికి వసారాలో బాబాయ్ తువ్వాలు భుజాన వేసుకుని నిలబడతారు. "అత్తయ్యగారు నంబర్ వన్. పెద్దమ్మాయ్, నువ్వు రెండు, నీ ముందు అమ్మమ్మ. కనిపించిందా?" పెద్దమ్మాయి నిద్రకళ్ళతో గోడకు ఆనుకుని "కనిపించింది నాన్నా" అంటుంది. ఈ తతంగం అయ్యేసరికి ఆయన వంతుకు నీళ్ళు ఆగిపోతాయి.

"చుట్టాల ముందు పరువు తీస్తారే," అని పిన్ని మొత్తుకునేది. "మా అన్నయ్య అరగంట ముందొచ్చాడు. నేనింకా ఇల్లు సర్దలేదు. ఈయన బాల్కనీలోంచి వంగి, 'బావగారూ, తొందరగా వచ్చేశారు. ఆ చివరి దీపస్తంభం దాకా వెళ్ళి ఒక చుట్టు తిరిగి రండి' అన్నారు. పాపం మా అన్నయ్య పండ్ల సంచీతో మూడు చుట్లు తిరిగాడు."

"కోప్పడలేదా?"

"అదే చిత్రం. ఆ నడకకు ఒంట్లో చక్కెర తగ్గిందట. ఇప్పుడు వస్తే తనే చుట్టు తిరిగి గానీ పైకి రావడం లేదు."

ఆయన నంబర్లు అస్సలు పడనిది ఒక్క మా క్యాంటీన్ అక్కకు. "నాది క్యాంటీనా, రన్‌వేనా?" అని గరిటె ఎత్తేది. బాబాయ్ మాత్రం ఆ గరిటెను లెక్క చేసేవారు కాదు. "మీరు టీ పొయ్యండి చాలు, వరస నేను చూసుకుంటా," అనేవారు. అందరూ తాగి వెళ్ళాక అడుగున మిగిలిన టీ ఆయనది. అందులో పొడి తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఇక నా సంగతికొస్తాను. నేను ఆయన దగ్గర శిక్షణకు చేరాను. మా అమ్మ వీధి వీధంతా "మా అమ్మాయి విమానాలు తోలుతుంది" అని చెప్పుకుంది. "తోలనమ్మా, తోలేవాళ్ళను వరసలో పెడతాను" అంటే, "ఏదో ఒకటి, పైనే కదా" అంది. ఆ పైన ఉండటమే నాకు గండమైంది. ఒంటరిగా డ్యూటీ చెయ్యాలంటే పరీక్ష పాసవ్వాలి. నేను రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే కింద కిటికీ లేని గదిలో గుమాస్తా కుర్చీ ఇస్తారు. మళ్ళీ జన్మలో అద్దాల గది మెట్లు ఎక్కనివ్వరు. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు, నాకు గుండె చప్పుడు కూడా బాణీలో వినిపించేది.

నా జబ్బు ఒక్కటే. నలుగురు ఒక్కసారిగా పిలిస్తే నా నోట్లోంచి ఒకటే మాట వచ్చేది. "ఆగండి." ఒకడికి ఆగండి, ఇంకొకడికి ఆగండి, ఆ తర్వాత ఎవరిని ఆపానో నాకే గుర్తుండేది కాదు.

రెండోసారి తప్పిన రోజు బాబాయ్ నన్ను క్యాంటీన్‌కి తీసుకెళ్ళి వరసలో నిలబెట్టారు.

"అమ్మాయ్, ఆగడం ఎవరికీ కష్టం కాదు. మనల్ని మర్చిపోయారేమో అని అనుమానం వస్తుంది చూడు, అదీ కష్టం. నంబరుంటే ఆ అనుమానం ఉండదు. 'ఆగండి' అనకు. ఎన్నోవాడో చెప్పు, ముందు ఎవరున్నారో చూపించు. వాడే ఆగుతాడు."

"విమానాలు చూస్తే నాకు జాతరలా కనిపిస్తాయి సార్, వరసలా కాదు."

"ఎక్కడైనా జనమే అమ్మాయ్. వరస మనం చెయ్యాలి. ఇప్పుడు చూడు, నువ్వు నంబర్ నాలుగు. నీ ముందు ఆకుపచ్చ చీర. కనిపించిందా?"

ఏడుపు గొంతుతోనే "కనిపించింది" అన్నాను. ఆ రోజు నుంచి బస్సు స్టాపులో, మందుల షాపులో ఎక్కడ కలిసినా నాకు అదే పాఠం. నేను పక్కన ఉంటే ఆయన నంబరివ్వరు, నాచేత ఇప్పిస్తారు. నన్ను చూసి జనం పక్కకు తప్పుకునేవారు. ఒక్కరికే పిచ్చి అనుకుంటే పోనీలే అనుకోవచ్చు, మాది బృందం అయిపోయింది.

మూడో పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున్నే మంచు. రన్‌వే కనిపించక అంతా ఆగిపోయింది. పరీక్ష పెట్టే అధికారి నా వెనకాల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నవ్వితే జీతంలో కోత పడుతుందన్నట్టు ఉంది ఆయన ముఖం. ఆయన పక్కన వాతావరణం చెప్పే ఉద్యోగి, రేడియో మెకానిక్, చివర్న బాబాయ్.

"శిక్షకుడు విమానాల గురించి ఒక్క మాట అందించినా పరీక్ష అక్కడితో సరి," అన్నారు అధికారి.

"చిత్తం," అన్నారు బాబాయ్.

మంచు విడిపోయింది. నెమ్మదిగా విడితే బాగుండేది. తెర లాగేసినట్టు ఒక్కసారిగా విడింది. ఇక చూడండి. పెద్ద విమానం ఒకటి దిగడానికి సూటిగా వచ్చేస్తోంది. దాని వెనక దూరంగా ఎర్రతోక విమానం. కింద ఎగరడానికి ముగ్గురు, ఒకరి వెనక ఒకరు, ముగ్గురికీ ఆలస్యమే. పక్షుల్ని తోలే జీపు రన్‌వే దాటతానంటోంది. వీటన్నిటికీ తోడు గాల్లో ఒక తూనీగ. అంటే చిన్న శిక్షణ విమానం, దాన్ని మేం అలాగే పిలుస్తాం. మంచు లేని పక్క ఊరి నుంచి వస్తోంది. అందులో విద్యార్థి ఒక్కడే ఉన్నాడు, ఒంటరిగా ఇంత దూరం ఎగరడం వాడికి అదే మొదలు.

అందరూ కలిసికట్టుగా నన్నే పిలిచారు.

"ఆగండి," అన్నాను జీపుతో.

"ఆగండి," అన్నాను కిందవాళ్ళతో.

"ఆగండి," అన్నాను తూనీగతో.

రేడియోలో వణుకుతున్న ఒక సన్నటి గొంతు వినిపించింది. "ఎక్కడ ఆగాలి మేడం? నేను గాల్లో ఉన్నాను."

అధికారి కలం తీయడం అద్దంలో కనిపించింది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుని క్యాంటీన్ అక్క టీ పళ్ళెంతో లోపలికొచ్చింది. బాబాయ్ కుర్చీలోంచి లేచారు. గొంతు తగ్గించి, గుడిలో మాట్లాడినట్టు మెల్లగా అందుకున్నారు.

"టీ. అధికారిగారు నంబర్ వన్. వాతావరణంగారూ, మీరు రెండు. మీ ముందు నీలం చొక్కా. కనిపించిందా?"

"కనిపించింది," అన్నాడు వాతావరణం, అలవాటైన మనిషి కనుక.

"మెకానిక్‌గారు మూడు. మీ ముందు బట్టతల. కనిపించిందా?"

"కనిపించింది సార్."

"ఎవరికీ తొందర లేదు. నేను ఆఖరు."

ఏం చెప్పమంటారు. అద్దంలోంచి చూస్తే బయట జాతర లేదు. క్యాంటీన్ ఉంది. ఒకరి వెనక ఒకరు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు, అంతే. నేను బటన్ నొక్కాను.

"తూనీగా, నువ్వు నంబర్ మూడు. నీ ముందు ఎర్రతోక. ఎడమవైపు పైకి చూడు. కనిపించిందా?"

అదే గొంతు, ఈసారి వణుకు లేకుండా. "కనిపించింది మేడం."

"ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి రా. నిన్ను మర్చిపోను."

పెద్ద విమానం దిగింది, పక్కకు తప్పుకుంది. కింద ఉన్న మొదటివాణ్ణి ఎగరమన్నాను, ఎగిరాడు. ఎర్రతోక దిగింది, కింద మిగిలిన ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఎగిరారు. వాళ్ళ వెనక లేచిన సుడిగాలి సద్దుమణిగేంత ఎడం పెట్టి తూనీగను దింపాను. అది నేల మీద రెండుసార్లు గెంతి కుదురుకుంది. ఒక్కొక్కరికీ నంబరు, ఒక్కొక్కరికీ ముందున్నవాడు. ఆనందం పట్టలేక జీపుకు కూడా ఇచ్చేశాను.

"జీపు, మీరు ఆఖరు. మీ ముందు తూనీగ. కనిపించిందా?"

"కనిపించింది మేడం. బుజ్జిగా ఉంది."

రన్‌వే ఖాళీ అయ్యాక హెడ్‌సెట్ తీసి వెనక్కి తిరిగాను. అధికారి చల్లారిన టీ తాగుతున్నారు.

"పాసయ్యావు," అన్నారు. తర్వాత బాబాయ్ వైపు చూశారు. "మీరు విమానాల గురించి ఏమన్నా అంటారేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఒక్క ముక్క అనలేదు. టీ గురించి నిబంధనల్లో ఏమీ లేదు."

"చిత్తం."

"అయినా మీరేం మారలేదు సార్," అన్నారు అధికారి, లేచి నిలబడి. నాకేమీ అర్థం కాలేదు. ఆయన నా వైపు తిరిగారు. "నా పరీక్షలో సార్ బిస్కెట్లు పంచారమ్మా. నేను పాసయ్యేసరికి అందరికీ రెండేసి వచ్చాయి." నవ్వితే ఆయన ముఖం బాగానే ఉంటుందని అప్పుడే తెలిసింది.

నేను అక్కను పక్కకు లాగాను. "ఈ వేళప్పుడు టీ ఎవరు తెమ్మన్నారక్కా?"

"ఇంకెవరు? మీ సారే," అంది మోకాళ్ళు నొక్కుకుంటూ. "పొద్దుటి నుంచీ తలుపవతల మెట్ల మీద నిలబెట్టారు. 'అమ్మాయి ఆగండి అని మూడోసారి అంటే లోపలికి రా, అనకపోతే టీ నువ్వే తాగెయ్' అన్నారు. నువ్వు అనవేమో, ఆ టీ నాకే మిగులుతుందేమో అనుకున్నాను."

"నీకు ఆయన నంబర్లు పడవు కదా."

"నంబర్లు పడవు. ఆయన పడరని ఎవరన్నారు?"

డ్యూటీ దిగి అందరం క్యాంటీన్‌కి వెళ్ళాం. మొదటిసారి నా ముందు ఎవరూ లేరు. బాబాయ్ వరస వెంట నడుచుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు.

"అమ్మాయ్, నువ్వు నంబర్ వన్. ముందంతా ఖాళీ."

"మీరు సార్?"

"నేనెప్పుడూ ఉండేచోటే," అని చివరకు వెళ్ళి నిలబడి చెయ్యెత్తారు. "కనిపించానా?"

తల ఊపాను.

"నోటితో చెప్పు."

"కనిపించారు బాబాయ్," అన్నాను. ఎదురుగా అలా పిలవడం అదే మొదలు. వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆయన మాత్రం కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు.

అక్క గరిటె ఎత్తింది. "పాలింకా పొంగలేదు. నంబర్ వన్నూ ఆఖరు నంబరూ, ఇద్దరూ ఒక చుట్టు తిరిగి రండి."

ఇద్దరం నోరు మూసుకుని వెళ్ళి భవనం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాం.