పెద్దల దొప్పలో మా పిల్లి

బస్తర్‌ను ఇంకా రాజులే ఏలుతున్న కాలంలో, నా చిన్నప్పుడు, పామేడు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇప్పసారా కాచని ఇల్లు లేదు. సారా ఎవరూ ముట్టకముందే మోదుగాకు దొప్పలో కొంచెం పోసి, అందులో ఓ ఎండుచేప ముక్క వేసి, చనిపోయిన పెద్దల పేరున ఇంటి గుంజ దగ్గర పెట్టేవాళ్ళు. అందులో తప్పేమీ లేదు. తప్పంతా మా మామయ్యది.

కొత్త పంట తొలిసారి తినే కొత్తల పండుగనాడు ఓసారి మా పిల్లి చేప వాసనకు వచ్చి, సారాలో నానిన ముక్క తినేసి దొప్ప కూడా నాకింది. ఇంకొకరైతే అదిలించేవారు. మామయ్య మాత్రం తాతయ్యే పిల్లి రూపంలో వచ్చాడని మురిసిపోయి, ఇంకో ముక్క తడిపి మరీ పెట్టాడు. పెద్దల వాటా తినేదాన్ని తరమకూడదట! అది కాళ్ళు తడబడి పడుతుంటే చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా పడీ పడీ నవ్వారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

కాసేపటికి పిల్లి కదలడం మానేసింది. ఒళ్ళు చల్లబడింది, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. నీళ్ళకు వెళ్ళొచ్చిన అమ్మమ్మ చూసి బిందె అక్కడే దించేసింది. చింతపండు పులుసు పోస్తే మత్తు దిగుతుందని మామయ్య లేవబోయాడు. తెలివి తప్పిన దాని నోట్లో ఏం పోసినా ఊపిరాడక చస్తుందని అమ్మమ్మ ఆపింది. పశువుల డాక్టరన్న మాటే మేమెరగని రోజులవి. పిల్లిని పాత చీరముక్కలో చుట్టి, పొయ్యికి కాస్త ఎడంగా ఓ పక్కకు పడుకోబెట్టింది. మామయ్య చెయ్యి దాని డొక్క మీద పెట్టించి, తియ్యొద్దంది.

"నీకు వద్దంటే నువ్వు వినవు. వద్దననీకి దానికి నోరే లేకపాయె. ఏందిరా నీ నవ్వు?"

పండుగ భోజనాలన్నీ అయిపోయినా మామయ్య లేవలేదు. చేతికింద ఊపిరి తెలియనప్పుడల్లా ఆయన ముఖం పాలిపోయేది. పొద్దు వాలే వేళకు పిల్లి తలెత్తి, కక్కి, మళ్ళీ పడుకుంది. బతికింది. ఇంత జరిగాక ఆ మహానుభావుడు అన్నదేమిటో తెలుసా? "మా నాయన గట్టోడే."

అమ్మమ్మ దొప్పను పొయ్యిలో పడేసింది. అప్పటినుంచి మా ఇంట్లో పెద్దల వాటా సారా నేలలోనే ఇంకేది. చేప ముక్క మాత్రం ఉత్తదే, పిల్లికి.

నోరులేని జీవినో పసిపిల్లనో చూసి నలుగురు పగలబడి నవ్వుతుంటే నాకు ఇప్పటికీ నవ్వు రాదు. మనవలు చాదస్తమంటారు, అననీ. ముందు వెళ్ళి దాని డొక్క మీద చెయ్యి వేసి చూస్తాను.