విప్పకూడని జడ

మిల్లు మూతపడ్డాక ఆ ఊళ్ళో ఆగకుండా పెరుగుతున్నది జుట్టొక్కటే. అందుచేత అక్కడ సెలూన్ పెట్టడం దివ్యమైన ఆలోచనగా కత్తెరే జీవనాధారమైన ఆయనకు తోచింది. తర్కంలో లోపమేమీ లేదు. కాకపోతే, జీతాలు పోయిన మగవాళ్ళ తలలను ఇళ్ళలో భార్యలే స్వాధీనం చేసుకున్నారన్న సంగతి తర్కానికి ఎవరూ చెప్పలేదు. వీధిన పోయే తలలను గుమ్మంలోంచి చూసి ఆయన లోలోపల నొచ్చుకునేవాడు. ఒక్కొక్కటీ ఎలుకలు కొరికిన గోనెపట్టాలా ఉండేది.

అసలు కారణం తర్కం కాదు. భార్య పోయిన ఇంట్లో ఇక ఉండలేక, కుర్చీనీ, అద్దాన్నీ, అక్కగారినీ, కూతురినీ ఒకే వ్యానులో ఎక్కించుకుని వచ్చేశాడు. అంతకుముందున్న సెలూనతను ఊరు విడిచిపోతూ బోర్డు మాత్రం వదిలి వెళ్ళాడు. దానిమీద పాపిడి తీసుకున్న యువకుడొకడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటాడు. ఊళ్ళో అంత సంతోషంగా ఉన్న మనిషి మరొకడు లేడు.

కూతురిని ఇంట్లో బుల్లి అనేవారు. ఒకనాటి పొద్దున తల్లి జడవేసి బడికి పంపింది. బుల్లి తిరిగొచ్చేసరికి తల్లి లేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ జడ మాత్రం ఇప్పటికీ పిల్ల వీపుమీదే ఉంది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వదు. తలకు ప్లాస్టిక్ సంచి తొడుక్కుని స్నానం చేస్తుంది. పడుకునేటప్పుడు జడ కొసను గుప్పిట్లో పెట్టుకుంటుంది. చుట్టూ వెంట్రుకలు లేచి కాకిగూడైంది గానీ, నడుమ అల్లిక చెక్కుచెదరలేదు.

"ఊరందరి తలలూ బాగుచేస్తావు. నీ కూతురి తల చూడరా, పిచ్చుకలు అద్దెకడుగుతున్నాయి" అంది అక్కగారు.

"ఊరందరూ ఎక్కడున్నారే అక్కా. వచ్చేది ఇద్దరే."

"వేళాకోళం తర్వాత. పంతులమ్మ మళ్ళీ చెప్పి పంపింది. దీని పక్కన ఎవరూ కూచోవట్లేదట."

ఆ మధ్యాహ్నం ఆయన సెలూన్ కుర్చీ చేతులమీద పిల్లలు కూర్చునే చెక్క అడ్డంగా వేశాడు. రెండు రాజ్యాలకు తగిన గాంభీర్యంతో సంధి చర్చలు మొదలయ్యాయి.

"జడ ముట్టుకోవుగా?"

"ముట్టుకోను."

"ముందు వెంట్రుకలే కదా?"

"కళ్ళల్లో పడేవే. ఒట్టు తల్లీ."

సంధికి సాక్షి మిల్లు కాపలాదారు. మూసిన మిల్లును ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటం ఆయన ఉద్యోగం. ఆ బరువు దించుకోవడానికి రోజూ సెలూనుకొచ్చి పేపరు చదువుతాడు.

తండ్రి గుడ్డ కప్పాడు. ముందు వెంట్రుకలు కనుబొమల పైకి ముచ్చటగా కత్తిరించాడు. బుల్లి అద్దంలో తనను చూసుకుని కొంచెం, ఒక్క కొంచెం, నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. ఆయన మనసు తేలికపడి, చేతులను వాటి మానాన వదిలేసింది.

"ఈ పేపరువాళ్ళు మన మిల్లు తెరుస్తారని మళ్ళీ రాశారయ్యా" అంటున్నాడు కాపలాదారు.

"ఊఁ" అన్నాడు ఆయన, వృత్తిధర్మంగా.

ఆయన సెలూనుకు ఆడపిల్లలు వచ్చేది జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడానికే. చెక్కమీద ఆడపిల్ల కూర్చుందంటే ముందు రిబ్బను లాగాలి, తర్వాత వేళ్ళతో జుట్టు విదిలించాలి. చేతులకు ఇన్నేళ్ళుగా తెలిసింది అదే. ఆయన "ఊఁ" అనేలోపు రిబ్బను వేళ్ళ మధ్య ఉంది. అల్లిక కింది నుంచి పైదాకా విడిపోయింది.

"నాన్నా" అంది బుల్లి. అంతే.

"ఉండమ్మా, ఉండు, మళ్ళీ అల్లేస్తా. ఇదెంతసేపు!"

తలమీద చెయ్యదగిన కోతలన్నీ ఆయనకు వచ్చు. అల్లడం రాదు. కాపలాదారు పేపరు పక్కన పడేసి, "తాడు పేనడంలాంటిదేనయ్యా" అని ధైర్యం చెప్పాడు. ఈ హడావిడి విని పరుగెత్తుకొచ్చిన అక్కగారు, "తప్పుకోరా, మూడు పాయలు తీస్తే అయిపోయె" అంది.

"కాదత్తా. అమ్మది అలాక్కాదు. చిన్న పాయ ఇంకోటి ఉంటుంది."

"ఎక్కణ్ణించి తియ్యాలే?"

"నాకు వెనకాల కనబడదుగా. నాన్నకి తెలుసు."

అందరూ ఆయన వంక చూశారు. మనిషిని వెనకనుంచి, ఒట్టి పెడతల చూసి గుర్తుపట్టగలడని ఆయనకు పేరు. ప్రతి పొద్దునా తన ఎదుటే, మంచం అంచున కూర్చుని భార్య ఆ జడ వేసింది. ఆయన ఎదురుగానే ఉన్నాడు. కాఫీ తాగాడు. కత్తెర నూరుకున్నాడు. ఆవిడ చేతులు గుర్తున్నాయి, పళ్ళమధ్య పట్టుకున్న రిబ్బను గుర్తుంది. ఆ నాలుగో పాయ ఎక్కడినుంచి వచ్చేదో మాత్రం ఏనాడూ చూడలేదు.

"కుడివైపునుంచి కదూ?" అన్నాడు.

బుల్లి అద్దంలోంచి ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది.

"నీకు తెలీదు" అంది మెల్లగా.

కాపలాదారు చెప్పులు వెతుక్కుని, ఎన్నడూ లేనిది, ఏ వ్యాఖ్యానమూ చెయ్యకుండా వెళ్ళిపోయాడు. తండ్రి ఆ జుట్టును రెండు గుప్పిళ్ళతో బిగించి పట్టుకుని నిలబడ్డాడు. అందులో అల్లిక వంపులు ఇంకా ఉన్నాయి. పట్టుకున్నంత మేరా ఉన్నాయి. గుప్పిటి కిందివి అప్పుడే ఒక్కొక్కటిగా సాగి తిన్ననవుతున్నాయి.

"వదిలెయ్ నాన్నా" అంది బుల్లి. "చేతులు నొప్పెడతాయి."

ఆయన వదల్లేదు.