పై అంతస్తుకు తాళం వేసిన మేడం

మొన్న అఫ్జల్‌గంజ్ బస్టాపులో నిలబడి ఉండగా, డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. బస్సుల హారన్ల మధ్య మొదట ఏమీ వినపడలేదు. "గట్టిగ చెప్పవే" అని అరిచాను. "మన ప్రిన్సిపాల్ మేడం పోయిందే" అని తనూ అరిచింది. నేనెక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఏడుపు రాలేదు. అంతమంది జనంలో ఒక్కసారిగా భయం వేసింది, చిన్నపిల్ల చెయ్యి ఎవరో వదిలేసినట్టు.

మా కాలేజీ పురానాపూల్ దగ్గర ఒక పాత దేవిడీలో, నవాబుల నాటి పెద్ద భవంతిలో ఉండేది. ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. చుట్టుపక్కల బస్తీల నుంచి వచ్చేవాళ్ళం. దగ్గర్లో ఉంది కాబట్టే మమ్మల్ని పంపేవారు. అది మూతపడితే మాలో చాలామందికి చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆ సంగతి కాలేజీలో చేరిన రోజు నుంచే మాకు తెలుసు.

మేడం సన్నగా, పొట్టిగా ఉండేది. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. పేరు మర్చిపోతే "ఏ ఇంటి పిల్లవే నువ్వు" అని అడిగేది. చెబితే మళ్ళీ మర్చిపోయేది.

నేను రెండో సంవత్సరంలోకి వచ్చినప్పుడు మమ్మల్నందరినీ ముంగిట్లో కూర్చోబెట్టి, ఆ ఏడు కాలేజీ చేయాల్సిన పనులు చదివింది. లైబ్రరీకి కొత్త పుస్తకాలు, కంప్యూటర్లు, తనిఖీకి వచ్చేవాళ్ళ కోసం గోడలకు సున్నాలు. చదివాక, "ఇగ మీరు చెప్పుండ్రి. మీకేం కష్టమున్నది?" అంది.

బాత్రూం తలుపుకు గడియ లేదని ఒకరన్నారు. గల్లీ మూలన బైకుల మీద పోరగాళ్ళు నిలబడుతున్నారని ఇంకొకరన్నారు. నేను కూడా లేచాను. అంతకుముందు రోజే పై అంతస్తులో, మా క్లాసులో, కప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి బెంచీ మీద పడింది. "పైన కూసోవాలంటే భయమైతున్నది మేడం" అన్నాను.

ఏం భయం లేదు, కూర్చో అంటుందనుకున్నాను. అందరూ అలాగే అనేవారు. ఆమె చేతిలోని కాగితం మడిచింది.

"నాక్కూడా భయమే బిడ్డా. పైకొస్తే నా కండ్లు దూలాల మీదనే ఉంటయి. మీకు పాఠమెట్ల ఎక్కుతది? ముందు గీ పని చూద్దాం. మిగిలినయి తర్వాత."

మర్నాడు పై అంతస్తు మెట్ల తలుపుకు తాళం ఉంది.

ఆ తాళంతో నా భయం తీరలేదు, ఇంకోటి వచ్చి చేరింది. కింద ఉన్న గదులు సరిపోక రెండు షిఫ్టులు పెట్టారు. మాది రెండోది. వదిలేసరికి పొద్దు కుంకేది. ఆ గల్లీ దాటి బస్టాపుకు పోవాలి. బహదూర్‌పురాలో పాల వ్యాపారం చేసే మా బాపు ఆ మాట వినగానే, "చీకటి పడ్డంక వచ్చే చదువు మనకొద్దు. ఇంటికాడ ఉండు" అన్నాడు. నేను కాలేజీ మానేశాను. నోరు తెరిచి భయమని ఎందుకన్నానా అని గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒక ఆదివారం మేడం మా ఇంటికి వచ్చింది. వాకిట్లో బర్రెలుంటే గేటు దగ్గరే ఆగిపోయి, సంచిని ఎదకు అదుముకుని, "గా బర్రె పొడుస్తదా అన్నా?" అని మా బాపును అడిగింది. బాపు నవ్వుతూ బర్రెను పక్కకు జరిపాడు. అయినా ఆమె గోడకు ఆనుకునే లోపలికి వచ్చింది.

"నా బిడ్డకేం గాదని మాటిస్తవా మేడం?" బాపు సూటిగా అడిగాడు.

"ఇయ్యలేనన్నా. గల్లీ నా చేతుల లేదు. కానీ సాయంత్రం బస్సెక్కేదాంక పిల్లలెంట నేనే ఉంట."

"ఇంతకు పైన కప్పు నిజంగ పడతదా?"

"ఎర్క లేదు. ఎర్క లేకనే తాళమేసిన."

ఆమె వెళ్ళాక బాపు చాలాసేపు కొట్టం దగ్గరే ఉన్నాడు. లోపలికి వచ్చి, "ఒక్క అబద్ధం చెప్పలే సూడు ఆమె" అన్నాడు అమ్మతో. నావైపు తిరిగి, "రేపు పో" అన్నాడు.

అప్పటి నుంచి సాయంత్రాలు మేడం మాతో నడిచేది. ధైర్యంగా ముందు నడిచేదని రాస్తే అబద్ధమవుతుంది. మా మధ్యలో నడిచేది. బైకు చప్పుడు వినిపిస్తే మాలాగే ఉలిక్కిపడి, పక్కనున్న పిల్ల మోచెయ్యి పట్టుకునేది. అయినా బస్సు కదిలేదాకా కదిలేది కాదు.

వానాకాలంలో యూనివర్సిటీ తనిఖీ బృందం వస్తుందన్నారు. దానికి ముందురోజు కాలేజీ నడిపే కమిటీ కార్యదర్శి వచ్చాడు. పొద్దున్నుంచి వాన. ముంగిట్లో నీళ్ళు నిలిచాయి. మేమంతా వరండాలో ఉన్నాం.

"పైన గదులు మూసుంటే గుర్తింపు పోతది మేడం. తాళంచెవి ఇయ్యండి. రేపొక్కరోజు పిల్లల్ని పైన కూసోబెడదాం."

మేడం వెళ్ళి మెట్ల తలుపు ముందు, అడుగు మెట్టు మీద కూర్చుంది. చేతులు కొంగులో చుట్టుకుంది.

"మీతోని కొట్లాడే మనిషిని గాను సార్. నా గుండె దడదడ కొట్టుకుంటున్నది. తాళంచెవి మాత్రం ఇయ్య."

"ఇన్నేండ్లు నిలవడ్డది, రేపే పడతదా?"

"పడకపోవచ్చు."

"మరి ఈ లొల్లి ఏంది?"

"పిల్లల్ని ఎక్కియ్యను సార్."

గుర్తింపు పోతే అందరం ఇళ్ళలో కూర్చుంటాం. తాళం తీస్తే ఆ దూలాల కింద కూర్చుంటాం. ఎవరి మాట నెగ్గాలని కోరుకోవాలో నాకు తెలియలేదు. నా పక్కనున్న పిల్ల పెదవులు కదుపుతూ దేవుణ్ణి తలుచుకుంటోంది. దేనికోసమని నేనడగలేదు.

"గట్లయితే ఆ కుర్చీ ఇంక మీది కాదు" అన్నాడు కార్యదర్శి.

"మంచిది సార్" అంది మేడం. లేవలేదు. అతను గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

తనిఖీకి వచ్చినవాళ్ళు కింది గదులే చూశారు. పై అంతస్తు బాగు చేయించాలన్న షరతుతో గుర్తింపు ఉంచారు. తర్వాత వచ్చిన ఇంజనీరు, ఒక పక్క దూలాలు పుచ్చాయనీ, రేపు పడొచ్చు, పదేళ్ళు ఉండొచ్చు అనీ అన్నాడు. చివరికి ఏదీ పడకుండానే, పనివాళ్ళు వాటిని దింపేశారు. మేడంను మాత్రం ప్రిన్సిపాల్ పదవి నుంచి తీసేశారు. ఆమె మళ్ళీ ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకుంటూ అక్కడే రిటైరైంది. మేం మాత్రం ప్రిన్సిపాల్ మేడం అనే పిలిచాం. "ఏం పడనే లేదు గద మేడం" అని ఒకసారి ఎవరో ఆటపట్టిస్తే, "పడలే. మంచిగైంది" అని హాయిగా నవ్వింది.

నేనిప్పుడు ఒక బడిలో టీచర్ని. పిల్లలు ఏదైనా భయమంటే, ఏం కాదులే అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ముందు వెళ్ళి చూస్తాను.

పోయిన నెల ఆమెకు ఆపరేషన్ అంటే ఆసుపత్రికి వెళ్ళాను. వాళ్ళాయన మందుల కోసం కిందికి వెళ్ళాడు. మేడం నా చెయ్యి వదల్లేదు. "ఊకుండకు. ఏదన్న మాట్లాడు" అంది. మా బడి పిల్లల గురించి, కొత్తగా పెట్టిన మొక్కల గురించి, నోటికొచ్చిందల్లా చెప్పాను. నర్సు వచ్చి ఆమె కాలివేళ్ళకున్న మెట్టెలు తీసి, దూదిలో చుట్టి నాకిచ్చింది. ఆపరేషన్ తర్వాత వాటిని నా చేత్తోనే తిరిగి తొడిగాను. ఇంటికి వెళ్ళింది. కోలుకుంటోందనే అనుకున్నాం.

అయినా నాకు కళ్ళు మూస్తే కనిపించేది ఆ ఆసుపత్రి వరండానే. ఆపరేషన్ గదివైపు స్ట్రెచర్ దూరమవుతోంది. పచ్చ దుప్పటి కింద నుంచి ఆమె పాదాలు బయటికొచ్చి ఉన్నాయి, మెట్టెలుండే చోట వేళ్ళ చుట్టూ తెల్లటి గుర్తులతో. తలుపు మూసుకుంది. నా పిడికిట్లో మెట్టెలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.