చేతులకు పని పెట్టిన డాక్టరమ్మ

మా ఖమ్మం వీధిలో ఎండలు ముదిరాయంటే ప్రతి డాబా మీదా కొత్త చింతపండు ఎండుతుంది. ఆ పుల్లటి వాసనకు అందరికీ నోట్లో నీళ్ళూరతాయి, నాకేమో కళ్ళల్లో. గ్రేసమ్మ మేడం గుర్తొస్తారు.

డాక్టరుగా నా మొదటి ఉద్యోగం భద్రాచలం అడవి అంచున ఒక చిన్న సర్కారు దవాఖానాలో. అక్కడ పెద్ద డాక్టరు ఆవిడే. ఇల్లందు బొగ్గుగని కార్మికుడి కూతురు. హైదరాబాదులో సర్జరీ చదివారు. ఖమ్మంలో నర్సింగ్ హోమ్ పెట్టమని చుట్టాలంతా వెంటపడినా వినకుండా అడవికి వచ్చి కూర్చున్నారు. ఎందుకని అడిగితే, "ఖమ్మంల కిరాయి ఇంట్ల నా కోళ్ళను ఎవరు ఉండనిస్తరే?" అనేవారు. నిజంగానే క్వార్టరు నిండా కోళ్ళే. ఆదివారం చర్చిలో అందరికన్నా పెద్ద గొంతు ఆవిడదే. శ్రుతి సంగతి మాత్రం ఆవిడకూ దేవుడికీ తెలియాలి.

నేను కారేపల్లి రైతుబిడ్డను. మార్కులు బాగా తెచ్చుకున్నదాన్నని కాస్త పొగరు కూడా ఉండేది. మొదటి వేసవిలో దవాఖానా ఖాళీగా ఉంటే, ఊళ్ళో రోగాలు లేవని సంబరపడ్డాను. "రోగం లేక కాదు పద్మా, తీరిక లేక," అన్నారు మేడం. అది తునికాకు కాలం. బీడీలకు వాడే ఆ ఆకు కోసం జనం తెల్లారకముందే అడవికి పోతారు. మధ్యాహ్నం పందిళ్ళ కింద చేరి కట్టలు కడతారు. మేడం నన్ను వెంటబెట్టుకుని ఆ పందిళ్ళ కిందికే వెళ్ళేవారు. ఆడవాళ్ళ మధ్య నేల మీద కూర్చుని తానూ ఆకు అందుకునేవారు. రోగం ఊసే ఎత్తేవారు కాదు. కోళ్ళ ముచ్చట్లు, పిల్లల ముచ్చట్లు సాగేవి. కాసేపయ్యాక ఎవరో ఒకామె, దవాఖానాలో ఎన్నిసార్లు అడిగినా చెప్పని మాటను కట్ట మీది చూపు తిప్పకుండా చెప్పేది.

అలాగే లచ్చిమి అనే నిండు గర్భిణి ఒకరోజు తలెత్తకుండానే అంది, "కండ్ల ముందట మెరుపులు వస్తున్నయమ్మా."

మేడం చేతులు ఆగలేదు. "ఎన్నటి సంది?"

"నిన్నటి సంది."

బీపీ చూశాను. బాగా ఎక్కువగా ఉంది. ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు. అత్త మాత్రం, "ఆకు ఆగమైతది, రేపు వస్తది తియ్," అంది. "నీ కోడలి కట్టలు నేను కడత," అన్నారు మేడం. నా వైపు తిరిగి, "ఇంజెక్షన్ ఇచ్చి జీపుల తీస్కపో. దారి పొడుగునా చెయ్యి ఇడువకు," అన్నారు.

"మేడం, మీరు రండి. నా వల్ల కాదు."

"నీకు కట్టలు కట్టొస్తదా? రాదు గద. వచ్చిన పని చెయ్ పో!"

భద్రాచలం పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డా దక్కారు. మర్నాడు తిరిగి వచ్చేసరికి లచ్చిమి అత్త తల పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ కట్టినవన్నీ వదులేనట, మొత్తం విప్పి మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చిందట. మేడం కోళ్ళకు నూకలు వేస్తూ, నా ముఖం చూడకుండా నవ్వుతున్నారు. ఆ రోజు నేను డాక్టర్నయ్యాను.

ఉద్యోగ విరమణ చేశాక మేడం ఇల్లందులో చెల్లెలు రూతమ్మ గారి దగ్గర ఉంటున్నారు. పోయిన ఏడు ఎండాకాలంలో రూతమ్మ గారు ఫోన్ చేశారు. "అక్క కుడి చెయ్యి ఎత్తుతలేదమ్మా. అడిగితే కోడి పొడిచిందంటది. నువ్వొచ్చి అడుగు."

వెళ్ళాను. మేడం చింతపండు కుప్ప ముందు కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. "ఏంది, గింత ఎండల వచ్చినవ్?" అన్నారు అనుమానంగా. అడగాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఎదురుగా కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టాను. కోళ్ళ గురించి అడిగాను. ఎండ గడప దిగింది. కుప్ప సగమైంది.

"రొమ్ముల గడ్డ ఉన్నదే," అన్నారు తలెత్తకుండా.

నా చేతులు ఆగబోయాయి, ఆగనివ్వలేదు. "ఎప్పటినుంచి?"

"క్రిస్మస్ సంది."

"మీరు సర్జనే కదా మేడం, తెలియదా?"

"తెలుసు గనకనే బుగులైంది, భయపడి చెప్పలే." ఇంకో కాయ అందుకుని, "రేపు వస్త తియ్. ఈ చింతపండు ఆగమైతది," అన్నారు.

"గింజలు రూతమ్మ గారు తీస్తారు. మీరు లేవండి."

అప్పుడు చూశారు నన్ను. కళ్ళనిండా నీళ్ళతోనే నవ్వారు. "దొంగదానా! నా మందు నాకే పోస్తున్నవా?"

కారులో ఖమ్మం దాకా ఆవిడ చెయ్యి వదల్లేదు. చింతపండు జిగురు ఇద్దరి చేతులకూ అంటుకుంది.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు మళ్ళీ కోళ్ళను తిట్టే ఓపిక వచ్చింది. ఈ ఏడు మేడం తన చేత్తో ఒలిచి నాకు చింతపండు పంపారు. ఆ తునికాకు కట్టల్లాగే ఇదీను, సగం గింజలే. దాన్ని నా కన్సల్టింగ్ గదిలో బల్ల మీదే పెట్టుకున్నాను. మాట పెగలని మనిషి ఎవరైనా వచ్చి ఎదురుగా కూర్చుంటే, ముందుగా ఒక గుప్పెడు అటు జరిపి, నేనూ గింజలు తీయడం మొదలుపెడతాను.